ఓజెల్లా గాలం మొన

థర్మన్ చలికాలంలో పోయాడు. కాడో సరస్సులో కలువలు కొత్త ఆకు వేసే వేళకి అతని తమ్ముడు క్లీవన్ పడవ మాట ఎత్తాడు.

"వదినా, ఆ పడవ నాకిచ్చెయ్. షెడ్డులో ఊరికే పడుంటే కందిరీగలు గూళ్ళు పెట్టేస్తాయి."

"పెట్టనీ. వాటికీ ఓ కొంప ఉండాలిగా," అంది ఓజెల్లా, అలసందల్లో రాళ్ళేరుతూ.

"నవ్వులాట కాదు. నీకు ఈత రాదు. ఒక్కదానివీ నీళ్ళ మీదికి ఎట్లా పోతావు? పోనీ పోయావనుకో, చేపని తెచ్చేదేమన్నా ఉందా? నీ గాలానికొచ్చే చేపలు చుట్టపుచూపుకొచ్చి పోతాయి గానీ ఉండిపోయే రకం కాదు."

ఈత మాటకి ఆమె నొచ్చుకోలేదు. ఆమె చిన్నతనంలో ఊళ్ళో ఈతకొలను ఉండేది గానీ నల్లవాళ్ళ పిల్లల్ని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. తల్లి సరస్సు వైపు పోనిచ్చేది కాదు. నొప్పి పెట్టింది చేపల మాట. అది నిజం కాబట్టి.

బడి వంటగదిలో ఆమె వండిన మొక్కజొన్న రొట్టె తిని పెరిగినవాళ్ళు ఇప్పుడు తమ పిల్లల్ని అదే బడికి పంపుతున్నారు. చర్చి పాటల్లో కింది గొంతు ఆమెది. అది ఆగిన ఆదివారం పాట తేలిపోయినట్టుండేది. ఏ పని పట్టినా చేతనైన మనిషి. శనివారం పొద్దున పడవలో మాత్రం వేరే లెక్క. ముందు థర్మన్, వెనక ఆమె. అతను చేప తర్వాత చేప ఎక్కించేవాడు. ఆమె గాలానికీ చేప కరిచేది, గుంజేసరికి జారిపోయేది. ఎప్పుడో ఓ పిల్ల చేప తనంతట తాను మింగి చిక్కుకుంటే అదే ఆ నెలకి పండగ.

ఎరల కొట్టు వర్డీ దగ్గర అదొక సామెత అయిపోయింది. ఎవరి చేప తప్పిపోయినా, "ఓజెల్లా చెయ్యి తగిలిందా ఏంటి?" అనేది. అందరితోపాటు ఓజెల్లా కూడా నవ్వేది. ఇంటికొచ్చేటప్పుడు బండిలో కిటికీ వైపు తిరిగి కూర్చునేది. గాలాన్ని నెమ్మదిగా గుంజి చూసింది, చటుక్కున గుంజి చూసింది, భుజం నొప్పెట్టేలా గుంజి చూసింది. "పోనీలే, దానికీ పిల్లలుంటాయి," అనేవాడు థర్మన్, ఆమె దారానికి కొత్త ఎర కడుతూ. ఆమె ఎర గుచ్చేది ఎప్పుడూ అతనే.

ఇప్పుడు పడవ ఇచ్చేస్తే ఆ శనివారాలు కూడా థర్మన్ వెనకే పోతాయి. ఉంచుకుంటే ఒంటరిగా వెళ్ళి, చేతకాదని తనకి తనే రుజువు చేసుకోవాలి.

"ఈస్టర్ దాకా ఆగు," అంది క్లీవన్‌తో. "నేనే గుంజి పట్టిన చేప ఒక్కటి నీ ముందు పెట్టలేకపోతే పడవ నువ్వే ఈడ్చుకుపో."

"ఎందుకొదినా ఈ పంతం?"

"పంతమే అనుకో."

ఎరలకి కొదవ లేదు. సరస్సుకి వెళ్ళే ఓపిక లేక దుప్పటి కప్పుకుని కూర్చున్న ఆఖరి రోజుల్లో థర్మన్ చేసిన పని అదొక్కటే. పొడవాటి థర్మోకోల్ దిమ్మకి రెండు వరసల్లో ఎరలు గుచ్చి పెట్టాడు, నల్లద్రాక్ష రంగు ప్లాస్టిక్ వానపాములు, ఒక్కోదానిలో ఒక్కో గాలం. ఒక వరస ఓజెల్లాది, రెండోది అతనిది. బతికితే ఇద్దరూ వెళ్దామనే గుచ్చాడు.

మర్నాడు పొద్దున ఆమె బొందు బిగించి లైఫ్ జాకెట్ వేసుకుంది. మోటారుని చిన్నగా నడుపుకుంటూ సైప్రస్ చెట్ల మధ్యనుంచి కలువల దాకా వెళ్ళింది. తన వరసలోంచి ఒక ఎర తీసి, ఆకుల సందులోకి విసిరింది. దారానికున్న సీసం గుండు దాన్ని నాచులోకి దించింది. కాసేపటికి తలుపు మీద వేలితో కొట్టినట్టు రెండు తట్లు. దారం పక్కకి నడిచింది. గాలం కర్ర కొన దించి, దారం వదులు చుట్టి, రెండు చేతులా గుంజింది. బరువు తగిలింది. అంతలోనే తేలికయింది. ఎర నలిగి, కిందికి జారి, ఖాళీగా వచ్చింది.

ఆ పొద్దున అంతే. తర్వాతి పొద్దులూ అంతే. నలిగినవాటిని బకెట్లో పడేస్తూ పోయింది. ఈస్టర్ ముందు శనివారానికి ఆమె వరస అయిపోయింది. ఆ మధ్యాహ్నం క్లీవన్ ట్రక్కు వేసుకుని వస్తానన్నాడు.

థర్మన్ వరస మీద ఆమె ఎప్పుడూ చెయ్యి వెయ్యలేదు. అతను పోయాక అసలే వెయ్యబుద్ధి కాలేదు. ఇక తప్పక ఒకటి తీసి కట్టింది. అదే కలువలు, అదే తట్టు. ఎప్పటిలాగే గుంజింది.

కర్ర వంగి అలాగే ఉండిపోయింది. చేప నాచులోకి దూరింది. ఆమె లేవలేదు, పడవ బల్లకి కాళ్ళు తన్నిపెట్టి దారం చుట్టింది. ఒక మోపు నాచుతో సహా చేప చేతివలలోకొచ్చింది. పెద్ద బాస్ చేప. పై పెదవిలోంచి మొన పొడుచుకొచ్చి తడిగా మెరుస్తోంది.

అదృష్టమనుకుంది. అతని వరసలోంచే ఇంకోటి కట్టింది. రెండో చేపా వచ్చింది.

అప్పుడు బకెట్లోంచి తన పాత ఎర ఒకటి తీసి, అతనిదాని పక్కన తొడ మీద పెట్టుకుంది. మొనని ఎర తలలో దించి, పక్కనుంచి బయటికి తీసి, తిప్పి మళ్ళీ ఒంట్లోకి గుచ్చడం రెండింటిలోనూ ఒకటే. మొన అలా దాగితేనే ఎర నాచులో తగులుకోకుండా పాకుతుంది. తేడా లోతులో ఉంది. థర్మన్ ఎరలో మొన పైపొర కిందే ఉంది, వేలితో రాస్తే అరచేతిలో విరిగిన ముల్లులా తగిలింది. ఆమె ఎర మరీ లావు, గాలం మరీ చిన్నది, మొన నడిమధ్య దాకా పూడ్చి ఉంది. ఎంత గుంజినా అది ఎరని చీల్చుకుని చేప నోటికి తగలదు. బకెట్లో ఉన్నవన్నీ తీసి చూసింది. అన్నీ అంతే. పొరపాటు ఇన్నిసార్లు ఒక్కలాగే జరగదు.

పెళ్ళయిన కొత్తలో తన ఎరలు తనే గుచ్చుకునేది. అప్పట్లో చేపలూ పట్టేది. ఒక రోజు పెద్దది పడిందని సంబరంగా లేచి నిలబడితే పడవ ఒరిగింది. నీళ్ళ కింద నాచు కాళ్ళకి చుట్టుకుంది. థర్మన్ దూకి లాగాడు. ఆ సాయంత్రం అతనే ఆమెకి గుడ్లు వేయించి పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. తర్వాత కొన్నాళ్ళకి, "వంటగదిలో చేతులు కాల్చుకుంటున్నావు, ఎర నేను గుచ్చిస్తాలే," అన్నాడు. ఎంత ప్రేమ అనుకుంది.

ప్రేమే. పడవలో కూర్చుని ఆ మాట ఒప్పుకుంది. ఒప్పుకున్నాక రెండు ఎరల్నీ చేతిగుడ్డలో చుట్టి, పడవని ఒడ్డు వైపు తిప్పింది.

ఒడ్డుకి వచ్చేసరికి క్లీవన్ ట్రక్కుకి ఆనుకుని ఉన్నాడు. ఆమె రెండు చేపల్నీ అతని ముందు పెట్టింది.

"అబ్బో," అన్నాడు. "ఎక్కడ కొనుక్కొచ్చావు?"

ఆమె రెండు ఎరల్నీ అతని చేతిలో పెట్టింది. వాటిని చూసి అతని మొహంలో నవ్వు ఆగిపోయింది.

"నీకు తెలుసు," అంది.

"అన్న ఒకసారి చెప్పాడు." క్లీవన్ నేల చూశాడు. "నిన్ను పైకి లాగినప్పుడు నీ పెదాలు నీలంగా ఉన్నాయంట వదినా. మళ్ళీ పెద్ద చేప పడితే మళ్ళీ లేస్తావని భయం. రావొద్దంటే నువ్వు ఊరుకునే మనిషివి కాదు. అన్న మాత్రం ఏం చేస్తాడు చెప్పు?"

"అడగొచ్చుగా. కూర్చుని గుంజవే అంటే కూర్చునేదాన్ని. ఈ జాకెట్టు వేసుకోమంటే వేసుకునేదాన్ని. ఇన్నేళ్ళూ నాకు చెయ్యి లేదనుకున్నాను క్లీవన్. వర్డీ కొట్టులో అందరూ నవ్వుతుంటే పక్కనే నిలబడి విన్నాడు."

"వినలేక బయటికి పోయేవాడు."

"బయటికి పోతే నాకేం ఒరిగింది?"

క్లీవన్ ఎరల్ని తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. "పడవ ఉంచుకో. కానీ ఒక్కదానివే పోకు, నేనూ వస్తాను. లేకపోతే నాకు నిద్ర పట్టదు," అన్నాడు.

"భయం నీది. నీ దగ్గరే పెట్టుకో. ఒడ్డున కూర్చుంటావా కూర్చో, వద్దనను. తెచ్చి నా గాలానికి గుచ్చకు."

తర్వాతి శనివారం పొద్దున ఆమె రేవు బల్ల మీద కూర్చుని తన ఎర తనే గుచ్చుకుంది. మొదటిది వంకర వచ్చింది. నీళ్ళలో గింగిరాలు తిరిగి దారాన్ని మెలేస్తుందని పీకేసింది. రెండోది తిన్నగా కూర్చుంది. మొనని పైపొర కిందికి జార్చి, వేలితో రాసి చూసుకుంది. సన్నగా తగిలింది. జాకెట్టు బొందులు ఒకటికి రెండుసార్లు లాగి చూసుకుని మోటారు తిప్పింది.

క్లీవన్ కాఫీ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని ఒడ్డున మడత కుర్చీలో కూర్చున్నాడు. పడవ చెట్ల మధ్యకి పోయాక లేచి నిలబడ్డాడు. ఆమె కలువల దగ్గర ఆగి, మొదటి విసురు విసిరింది.