మూఢంలో చూసిన పేజీ

మా ఆఫీసులో నోట్లో నాలుక లేని మనిషి ఎవరంటే రాఘవేంద్రే. సినిమా కథలు రాద్దామని తణుకు నుంచి వచ్చాడు. వాటిని ఎవరూ తీసుకోకపోతే వెబ్‌సైట్లు చేయడం నేర్చుకుని, ఫిల్మ్‌నగర్‌లో నిర్మాత నర్సింహగారి దగ్గర చేరాడు. నేను అక్కడే మేనేజర్‌ని. ఇన్నేళ్ళకు అతని కథ ఒకటి మా సంస్థలోనే సినిమాగా తయారవుతోంది. అతను కోరుకున్నది ఒక్కటే: మా సైటులో ఆ సినిమా పేజీ పెట్టినప్పుడు 'కథ' అన్నచోట తన పేరుండాలి. నోరు తెరిచి అడగవయ్యా అంటే, "వాళ్ళకి తెలీదాండీ" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. అడగందే అమ్మయినా పెట్టదు కదా!

తీరా పేజీ చేసే సమయానికి మూఢం వచ్చిపడింది.

"మూఢం పోయేదాంక నెట్ల ఏం పెట్టకు. అచ్చిరాదు" అన్నారు నర్సింహగారు.

పని ఆగకూడదని రాఘవేంద్ర సైటు మొత్తాన్ని తన లాప్‌టాప్‌లోకి దించుకున్నాడు. ఆ లాప్‌టాప్‌నే సర్వర్‌గా పనిచేసేలా అమర్చాడు. ఇక నెట్ తీసేసినా సైటు తెరుచుకుంటుంది. అందులో ఏం మార్చినా బయటివాళ్ళకు తెలియదు. కొత్త పేజీ అక్కడే చేసి, 'కథ: రాఘవేంద్ర' అని రాసుకుని, అయ్యగారికి చూపించాడు.

"గిది నెట్ల లేదు కదా?"

"లేదండీ, నా దాంట్లోనే ఉంది."

"అట్లయితే మూఢం అంటదు" అని ఆయన పేజీ అంతా కిందిదాకా చూశారు. "మంచిగున్నది" అన్నారు.

ఆ ఒక్క మాట పట్టుకుని రాఘవేంద్ర యూసుఫ్‌గూడలో ఇంటికి పరుగెత్తాడు. పేజీ చూసిన అతని భార్య సత్యలక్ష్మి ఆగలేక, తెర పైభాగంలో ఉన్న పేజీ అడ్రసును బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. ఒక్కరికీ తెరుచుకోలేదు.

"ఆ అడ్రసు ఎవరు కొడితే వాళ్ళ మెషీన్‌లోనే వెతుకుతుందండీ. నా దాంట్లో తప్ప ఇంకెక్కడా లేదంటే మా ఆవిడ నమ్మదే!" అని మర్నాడు నాకు చెప్పి నవ్వాడు.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని వెక్కిరించాను. "మూఢం పోనివ్వండి, అందరికీ కనిపిస్తుంది" అన్నాడు. అంత సంతోషంగా అతన్ని నేనెప్పుడూ చూడలేదు.

మూఢం పోయింది. ముహూర్తం పెట్టించారు. లాప్‌టాప్‌కు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. రాఘవేంద్ర పేజీని నెట్‌లోకి ఎక్కించబోతుంటే నర్సింహగారు చెయ్యెత్తారు.

"జర ఆగు. కథ కాడ డైరెక్టర్ సాబ్ పేరు వెయ్యి."

"మీరు చూసి బాగుందన్నారు కదండీ..."

"నీ దాంట్ల ఏమున్నా నాకేం ఫికర్? మూఢంల చూసింది లెక్కకు రాదు. జల్ది కానీ, ముహూర్తం దాటిపోతది."

"అయ్యా, కథ ఇతనిదే కదా" అన్నాను నేను. "నువ్వు ఊకో" అన్నారు.

ఏ మార్పయినా ముందు లాప్‌టాప్‌లో చేసి చూడందే పైకి పంపకూడదన్నది రాఘవేంద్ర పద్ధతి. అప్పుడూ పద్ధతి తప్పలేదు. తన పేరు చెరిపి, డైరెక్టర్ పేరు కొట్టి, పేజీ తెరిచి, ప్రతి లింకూ నొక్కి చూశాడు. ఎక్కడో ఒకచోట చెడిపోతే బాగుండునని కోరుకున్నాను. అన్నీ పనిచేశాయి. అప్పుడు పైకి ఎక్కించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

వెంటనే అతని ఫోన్ మోగింది. పక్కనే ఉన్న నాకు సత్యలక్ష్మి గొంతు స్పష్టంగా వినిపించింది.

"ముహూర్తం అయిపోయిందిగా అండీ! ఇప్పుడు తెరుచుకుంటుందా? మా అన్నయ్యావాళ్ళకి పంపనా?"

"తెరుచుకుంటుంది" అన్నాడు రాఘవేంద్ర. "అందరికీ తెరుచుకుంటుంది. పంపకు."