ఎలుగుబంటి వంతు

డెబ్బైల నాటి మాట. ఓ ఆదివారం పొద్దున భూపాలపల్లి అడవిలో మా బస్సు చెడిపోయింది. ఆకలేసి, చెట్టు కింద రాలిన ఇప్పపూలు ఏరుకుంటున్నాను. బస్సులో నా పక్కన, దారంతా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్న అవ్వ బైబిలు చంకన పెట్టుకుని వచ్చింది.

"ఇడిసిపెట్టు సారూ. ఆరు దినాలు మేం ఏరుకుంటం. ఆదివారం ముట్టం. గీ దినం ప్రభువు అడవి జీవాలకు ఇడిసిపెట్టిండు."

నవ్వొచ్చింది. "ఎలుగుబంట్లకు కూడానా?"

అవ్వ కొంగు తీసింది. ఎడమ కన్ను లేదు. చెంప నిండా గోళ్ల చారలు.

"పూలు ఏరవోతేనే కొట్టింది. దాని ఎంబడి పిల్లలుండె. దానికి సుత ఆకలైతది గద."

దోసిట్లో పూలు అక్కడే పోసేశాను. అవ్వ కదల్లేదు.

"జేబుల సుత ఉన్నయి గద సారూ."