నా ఎడమ చెవిలో కామాక్షమ్మగారు

మొన్న విద్యానగర్‌లో చెవుల డాక్టరు దూదికి స్పిరిట్ అద్ది నా చెవి వెనక తుడిచాడు. ఆ చల్లదనం, ఆ ఘాటు వాసన తగలగానే ఒళ్ళు జలదరించింది. ఆ కుర్ర డాక్టరు స్కాన్ చూసి, "లోపల ఈ ఎముక ఎవరు పెట్టారమ్మా? ఇంకా నిలబడే ఉందే! ఇప్పుడు టైటానియంవి వచ్చాయి, కావాలంటే మార్చేద్దాం" అన్నాడు. "ఉండనియ్యి బిడ్డా" అన్నాను. ఎవరు పెట్టారో చెబితే ఎవరిది పెట్టారో కూడా చెప్పాలి. బయట అంతమంది కూర్చుని ఉంటే వినే తీరిక అతనికెక్కడిది? మీకు చెబుతాను.

అరవైల చివర నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో టెలిఫోన్ ఆపరేటర్‌ని. మల్కాజ్‌గిరి నుంచి రోజూ వచ్చేదాన్ని. చిన్నప్పుడు చీము కారీ కారీ ఎడమ చెవి దాదాపు పోయింది. కుడి చెవితో నెట్టుకొస్తుంటే అదీ మందగించడం మొదలుపెట్టింది. ఒకరోజు పెద్ద ప్రొఫెసరుగారు లైబ్రరీ అడిగితే హాస్టల్ వంటశాలకు కలిపాను. వంటవాడు ఆయనకు ఆ పూట కూర ఏమిటో చెప్పాడట. అందరూ నవ్వారు, సూపర్‌వైజర్ నవ్వలేదు. ఇంకోసారి ఇలా జరిగితే సీటు ఖాళీ చెయ్యాలన్నాడు. ఇంట్లో ఉద్యోగం ఉన్నది నాకొక్కదానికే.

క్యాంపస్ దవాఖానాలో చెవి డాక్టరు శేషగిరిగారు బందరు వైపు మనిషి, తార్నాక క్వార్టర్‌లో ఉండేవారు. చెవిలో మూడు బుల్లి ఎముకలు గొలుసులా ఉంటాయనీ, మధ్యదాన్ని కమ్మరి దిమ్మెలా ఉంటుందని దాగలి అంటారనీ, నా ఎడమ చెవిలోది చీము తినేసిందనీ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. మొదట దాని స్థానంలో సన్నని ప్లాస్టిక్ గొట్టం పెట్టారు. ఎనిమిది నెలలు బాగానే విన్నాను. ఒక పొద్దున లేచేసరికి అది దిండు మీద పడి ఉంది. తర్వాత వెంట్రుకంత ఉక్కు తీగె. అది ఏడాది పనిచేసి, ఎవరో మాట్లాడుతుండగానే సగం మాటలో ఆగిపోయింది.

"ప్లాస్టిక్‌ని నీ ఒళ్ళు బయటికి నెట్టేసింది. తీగేమో మిగిలిన ఎముకను కోసేసింది" అన్నారు డాక్టరుగారు. "ఇక మనిషి ఎముకే పెట్టాలి, యాదమ్మా. పైదేశాల్లో పెడుతున్నారు."

"ఏ మనిషిది సార్?"

ఆయన తరువాతి పేషెంటును పిలిచారు.

ఆయనకొక అలవాటు ఉండేది. రోజూ సాయంత్రం నాలుగింటికి ఫోనెత్తి "ఇల్లివ్వమ్మా" అనేవారు. నేను తార్నాకకు కలిపితే వారి భార్య కామాక్షమ్మగారు ఎత్తేది. రెండు నిమిషాలు ఏదో మాట్లాడుకునేవారు. ఆ చలికాలం ఆవిడ పోయింది. పిల్లలు లేరు. కర్మకాండ అయి ఆయన డ్యూటీలో చేరిన రోజు, సరిగ్గా నాలుగింటికి స్విచ్‌బోర్డు మీద ఆయన లైను దీపం వెలిగింది. "ఇల్లివ్వమ్మా."

కలిపాను. పదిసార్లు మోగనిచ్చి, "ఎత్తుతలేరు సార్" అన్నాను.

"సరేనమ్మా" అన్నారాయన, ఆవిడ పక్కింటికి వెళ్ళిందన్నట్టు. మర్నాడూ అంతే. ఆ తర్వాత రోజూ అంతే.

నెల తిరక్కుండా నన్ను పిలిచి చిన్న గాజు సీసా చేతిలో పెట్టారు. స్పిరిట్‌లో బియ్యపు నూక కంటే కాస్త పెద్ద ఎముక. "మా ఆవిడది. ఎలాగూ బూడిదయ్యేదేగా, ఎవరికైనా పెట్టండి అని తనే చెప్పింది. నా చేత్తోనే తీశాను" అన్నారు. "ఒకరోజు నీ దగ్గరుంచుకో. వద్దనిపిస్తే రేపు తిరిగి ఇచ్చెయ్యి. నేనేమీ అనుకోను."

ఆ సీసాను బోర్డు పక్కన పెట్టుకుని డ్యూటీ చేశాను. నాలుగింటికి దీపం వెలిగింది. "ఇల్లివ్వమ్మా." తార్నాకలో ఖాళీ ఇంట్లో ఫోను మోగుతోంది. ఆ ఇంటావిడ చెవిలోని ఎముక నా మోచేతి దగ్గర ఉంది. సీసా వంక చూడబుద్ధి కాక ముఖం తిప్పుకున్నాను. కానీ భయపడితే సీటు పోతుంది. మర్నాడు సరేనన్నాను.

చెవి మొద్దుబారడానికి సూది వేసి, మెలకువగా ఉండగానే ఆపరేషన్ చేశారు. మొదట కుళాయి బొట్లు వినపడ్డాయి. తర్వాత ఎవరిదో ఊపిరి. డాక్టరుగారు నా చెవి మీదికి వంగి, "వినపడుతోందా?" అన్నారు. నన్నే అడిగారని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.

కట్టు విప్పాక హెడ్‌ఫోన్ ఎడమ చెవికి మార్చాను. ఒక్క పొరపాటూ లేదు. సూపర్‌వైజర్ కూడా మెచ్చుకున్నాడు. అంతా బాగుందనుకుంటుండగా, ఒకరోజు నాలుగింటికి ఏడో మోతకు ఫోన్ ఎత్తినట్టు వినపడింది. మోత ఆగింది. మాట లేదు. తలుపు తీసి ఉన్న గదిలోంచి వచ్చేలాంటి చప్పుడు మాత్రం ఉంది. హెడ్‌ఫోన్ కుడి చెవికి పెట్టుకుంటే మోత మోగుతూనే ఉంది. మర్నాడూ అదే. లైను మనిషిని పంపితే ఇంటికి తాళం ఉంది, లైను బాగానే ఉందన్నాడు.

వారం రోజులు దాచాను. చెవి మళ్ళీ చెడిందంటే ఉద్యోగం పోతుంది. ఎముక తీసేస్తే మళ్ళీ పెట్టడానికి ఏమీ లేదు. చివరికి ఉండబట్టలేక వెళ్ళి చెప్పేశాను.

"నాలుగింటికి మీ ఇంట్లో ఫోన్ ఎత్తినట్టు వినపడుతున్నది సార్. గీ చెవిలోనే."

ఆయన చెవి చూశారు. శబ్దం చేసే ఇనుప కడ్డీ మోగించి పరీక్ష చేశారు. ఏ లోపమూ లేదు. కుర్చీలో వెనక్కి వాలి అడిగారు:

"ఏమంటోంది?"

అబద్ధం చెప్పొచ్చు. ఆయనకు కావలసిన మాట ఏదో ఒకటి అల్లి చెప్పొచ్చు. నోరు రాలేదు.

"ఏం అంటలేదు సార్. వింటున్నది, గంతే."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. నేను లేచి వచ్చేశాను.

మర్నాడు నాలుగింటికి దీపం వెలిగింది. "ఇల్లివ్వమ్మా" అనలేదు. "కలపొద్దు యాదమ్మా. నువ్వలా ఉండు, చాలు" అన్నారు. రెండు నిమిషాలు మాట్లాడారు. కిరసనాయిలు దొరకలేదనీ, ఆవిడ చీరలు ఇంకా ఎవరికీ ఇవ్వలేదనీ, ఆఖరి రోజున ఆవిడ పిలిస్తే పేషెంటుందని ఆగిపోయాననీ. "పిలిస్తే రాలేదు నేను" అని రెండుసార్లు అన్నారు. నేను ఊ కొట్టలేదు. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను. ఆయన ఫోను పెట్టేశాక, నా చెవి లోపల ఏదో సర్దుకున్నట్టు చిన్న చప్పుడైంది.

ఆయన మళ్ళీ ఎప్పుడూ ఇల్లు అడగలేదు. ఆయన కాలం చేసి కూడా ఎన్నో ఏళ్ళయింది. నేను రిటైరయ్యేదాకా ఆ సీట్లోనే పనిచేశాను. ఇప్పటికీ ఇంట్లోవాళ్ళూ ఇరుగుపొరుగూ ఎవరికీ చెప్పుకోలేనిది నా దగ్గర చెప్పుకుంటారు. నీలాగా ఎవరూ వినరంటారు. అలా వింటున్నది నేనేనా అని నాకే అనుమానం. భయం పోయిందని చెప్పను, పోలేదు. అయినా ఎవరైనా కళ్ళనీళ్ళతో వచ్చి పక్కన కూర్చుంటే, ఎడమ చెవే వాళ్ళ వైపు పెడతాను.