ఒకే స్విచ్చికి రెండు తాళాలు

2023 డిసెంబరు 27, బుధవారం. సౌదీలోని రాస్ తనూరా, పంపుల షెడ్డు. ఉన్నవారు: ఎలక్ట్రీషియన్ ఉస్మాన్, పంపు మెకానిక్ ఇద్రిస్, బరువులు ఎత్తి దించే రిగ్గర్ పనిచేసే మా జగిత్యాల రాజన్న, సూపర్‌వైజర్‌గా నేను.

ఉస్మాన్, ఇద్రిస్ ఇద్దరూ సూడాన్ వాళ్ళే. ఉస్మాన్‌ది రాజధాని ఖార్టూమ్. ఇద్రిస్‌ది పడమట ఉన్న డార్ఫూర్. ఆ ఏడాది రంజాన్ నెలలో వాళ్ళ దేశపు సైన్యానికీ, డార్ఫూర్‌లో పుట్టిన ఒక పారామిలటరీ దళానికీ యుద్ధం మొదలైంది. ముందు ఖార్టూమ్ వీధుల్లో, ఆ వెంటనే డార్ఫూర్‌లో. ఉస్మాన్ భార్య ముగ్గురు పిల్లలను తీసుకుని, ప్రశాంతంగా ఉందనుకున్న వాద్ మదనీ అనే ఊరికి వెళ్ళి తలదాచుకుంది. డిసెంబరులో యుద్ధం అక్కడికీ వచ్చింది. ఊరు ఆ దళం చేతిలోకి పోయింది. ఫోన్లు కలవడం మానేశాయి. ఇద్రిస్ పెదనాన్న కొడుకు ఆ దళంలోనే ఉన్నాడు.

ఏళ్ళ తరబడి ఒకే గదిలో ఉన్న ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి.

"సార్, మొన్నటిదాక ఒక్క పళ్లెంల తిన్నోళ్లు. ఇయ్యాల ఒకని మొకం ఒకడు జూస్తలేడు," అన్నాడు రాజన్న. "నడుమ నేను పోస్టుమ్యాన్ లెక్కయిన. పానా గావాలన్నా నాకే జెప్తుండ్రు."

ఆ ఉదయం, పని మొదలయ్యే ముందు అందరూ సంతకం చేయాల్సిన పర్మిట్ మీద సంతకం పెట్టనని ఉస్మాన్ మొండికేశాడు. మా పనిలో లాక్ అవుట్ అని ఒక పద్ధతి ఉంది. పంపు విప్పే ముందు ఎలక్ట్రీషియన్ కరెంటు ఆపి, స్విచ్చికి తన తాళం వేస్తాడు. మెకానిక్ దాని పక్కనే తన తాళం వేస్తాడు. ఎవరి తాళంచెవి వారి జేబులోనే. రెంటిలో ఒక్కటి ఉన్నా పంపు తిరగదు. పని ముగిశాక ఎవరి తాళం వారే తీయాలి. సూపర్‌వైజర్ కూడా ముట్టుకోకూడదు.

"వాడితో పని చేయను, ముహందిస్. ఇంకొకరిని ఇవ్వు," అన్నాడు. ముహందిస్ అంటే ఇంజనీరు. నాది డిప్లొమాయే అయినా అతనికి నేను ముహందిస్‌నే.

"నమ్మమని అడగడం లేదయ్యా. నీ తాళం నువ్వు వెయ్యి, అతనిది అతను వేస్తాడు. నమ్మకం లేనిచోట కూడా ప్రాణం నిలవాలనే కదా ఈ పద్ధతి పెట్టింది."

గొణుగుతూనే వేశాడు.

పది గంటల టిఫిన్ వేళ ఇద్రిస్ తల ఎత్తకుండానే మాట్లాడాడు. "మా అన్న మదనీలోనే ఉన్నాడు. శాటిలైట్ నెట్ మీద దొరుకుతాడు. మీవాళ్ళను గెదారెఫ్ దాకా చేర్చమని అడుగుతాను. ఇంటి గుర్తులు, పేర్లు చెప్పు."

గెదారెఫ్ తూర్పున ఉన్న ఊరు. అక్కడ సైన్యానిదే అధికారం.

"నా పిల్లల పేర్లు వాళ్ళకా?" ఉస్మాన్ గొంతు పెరిగింది. "తుపాకీ పట్టుకున్నవాడికి మా ఇంటి దారి నేనే చూపించనా?"

ఇద్రిస్ తన ఫోను తీసి అతని ముందు పెట్టాడు.

"గెదారెఫ్‌లో నా చెల్లెలు ఉంది. సైన్యం ఊళ్ళో డార్ఫూర్ మనిషి. మా అన్న సంగతి తెలిస్తే అక్కడ ఆమెను బతకనివ్వరు. ఇదిగో ఆమె ఇల్లు, నంబరు. మీ బావమరిది అక్కడ సైన్యంలోనే ఉన్నాడు కదా, అతనికి పంపించు. మీవాళ్ళు చేరేది కూడా ఆమె ఇంటికే."

అరబ్బీ అంతగా రాని రాజన్న నన్ను గోకాడు. "ఏమంటుండు సార్?"

"తన తాళం కూడా వేస్తున్నాడు, రాజన్నా."

ఉస్మాన్ ఆ నంబరు ఎవరికీ పంపలేదు. పిల్లల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పాడు. వచ్చినవాణ్ణి భార్య నమ్మాలి కాబట్టి ఆమెకు ఒక మాట రికార్డు చేసి ఇచ్చాడు. చిన్నకూతురిని తాను ఒక్కడే పిలిచే ముద్దుపేరు అందులో ఉంది.

మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. ఇల్లు దొరికింది, కూరగాయల లారీలో బయలుదేరారు, తమ దళం చివరి చెక్‌పోస్టు దాకా అన్నే వెంట ఉంటాడు. ఆ తర్వాత ఏ కబురూ లేదు. ఫోన్లు ఎవరైనా వింటారేమోనన్న భయంతో ఇద్రిస్ చెల్లెలికి ముందుగా ఏమీ చెప్పలేదు.

ఆ సాయంత్రం పంపు బిగించాక ఇద్దరూ తాళాలు తీసి, ఒకే బస్సులో క్యాంపుకు వెళ్ళారు. మనుషులు కలిసి పనిచేయాలంటే ముందు నమ్మకం ఉండాలని అంతవరకూ అనుకునేవాణ్ణి. ఎదుటివాడి ప్రమాదంలో తన వంతు తాను పెట్టేవాడు ఒకడు ఉంటే పని మొదలవుతుందని, నమ్మకం వెనకాల నడిచి వస్తుందని అప్పుడు తెలిసింది. సూడాన్‌లో యుద్ధం ఆ తర్వాతా ఆగలేదు. అయినా ఆ మాట మీద నాకు అనుమానం రాలేదు.

మర్నాడు ఉదయం పర్మిట్ల వరుసలో ఉండగా ఉస్మాన్ ఫోను మోగింది. భార్య గొంతు, ఆ వెనకే ఇంకొక ఆడగొంతు విన్నాడు. కళ్ళు తుడుచుకుని ఫోను ఇద్రిస్‌కు అందించాడు.

"నీ చెల్లెలే. నిన్ను తిడుతోంది."

ఆమె గొంతు మా అందరికీ వినిపించింది. "నలుగురిని పంపుతూ ముందు ఒక్క మాట చెప్పొద్దా? ఇంట్లో చుక్క పాలు లేవు! చిన్నది నా కొంగు పట్టుకునే నిద్రపోయింది, బజారుకు నేనెలా వెళ్ళేది?"

ఇద్రిస్ నోరు తెరిచేలోగా ఉస్మాన్ ఫోను లాక్కున్నాడు.

"నన్ను తిట్టు చెల్లీ. పంపింది నేను."