గంటలో దిగిన ఆఫీసరు

ఎనభైల మొదట్లో టీచరు ఉద్యోగానికి ఆత్మకూరులో పదింటికి ఇంటర్వ్యూ అని నాకు కార్డు వచ్చింది. నాయన, నేను ఉదయగిరిలో మొదటి బస్సెక్కాం. దారిలో బస్సు చెడిపోయింది. లారీ పట్టుకుని చేరేసరికి పన్నెండున్నర.

హైదరాబాదు నుంచి వచ్చిన ఆఫీసరు నన్ను గుమ్మంలోనే ఆపేశాడు.

"నేను బేగంపేటలో విమానమెక్కి గంటలో రేణిగుంటలో దిగాను. పక్కనున్న ఉదయగిరి నుంచి నువ్వు టైముకు రాలేవా?"

నాయన ఆయనకు దండం పెట్టి, "బస్సు చెడిపోయినాది సార్, బిడ్డ తప్పేం లేదు" అని బతిమాలాడు. ఆయన తలెత్తి చూడలేదు.

అప్పుడు గుమ్మం పక్క బెంచీ మీదున్న అమ్మాయి గొణిగింది. "పొద్దున్నించి కాచుకోనుండాం అక్కా. ఆయన కారు ఇప్పుడే, పన్నెండుకు వచ్చినాది."

నా ఒళ్ళు మండిపోయింది.

"గంటలో దిగినోళ్ళు ఇక్కడికి పన్నెండుకెందుకు వచ్చినారు సార్? రేణిగుంట నుంచి మీకూ రోడ్డే గదా దిక్కు!" అని అందరూ వినేలా అడిగాను.

ఆయన ప్యూనుతో నన్ను బయటికి పంపించి, లిస్టులో నా పేరు కొట్టేశాడు.

మరుసటి ఏడాది వేరే ఇంటర్వ్యూలో ఉద్యోగం వచ్చింది. కానీ తానే ఆలస్యంగా వచ్చి, మా నాయన చేత దండం పెట్టించుకున్న ఆ పెద్దమనిషి మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు.