తుంచిన మొగ్గలు

ఒక మాటను చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మైపాడు దగ్గర, సముద్రం ఒడ్డున అన్నా నేనూ ఉండేవాళ్ళం. ఆయన బడిపంతులు. ఇద్దరిలో ఎవరమూ పెళ్ళి చేసుకోలేదు. మిషన్ ఆసుపత్రి దొరసాని ఒకావిడ తన దేశం వెళ్ళిపోతూ, దక్షిణ అమెరికా గింజలని చెప్పి ఆయన చేతిలో ఒక పొట్లం పెట్టింది. మొక్క పేరు ఆవిడకూ తెలియదు. ఇసుకలో ఎండుచేపల పొడి కలిపి, మంచినీళ్ళ బావి నుంచి కుండతో నీళ్ళు మోసి, అన్న ఒక్క మొక్కను బతికించుకున్నాడు. అది పొదయింది. ఆకు నలిపి చూసి, "వంకాయకి చుట్టమే. ఏ వరసో పువ్వే చెప్పాల" అనేవాడు.

అరవయ్యో పడిలో ఒక వేసవి, మంచాన పడ్డాడు. ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థనలో పైకే అన్నాడు: "ప్రభువా, ఆ పువ్వు చూసి, దాని పేరు తెలుసుకున్నాక నన్ను పిలుచుకో." నేను ఆమేన్ అన్నాను. అన్నాక భయం వేసింది. అది నాకు ప్రార్థనలా కాదు, ఒప్పందంలా వినిపించింది. పూయకపోతే పిలవడు కదా?

మొగ్గలు వచ్చాయి. తెల్లవారకముందే, అలల చప్పుడు తప్ప ఏమీ లేని ఆ మసక వెలుగులో, నిద్రలో నడిచినట్టు వెళ్ళి వాటిని గోటితో తుంచి ఇసుకలో పూడ్చేదాన్ని.

"మొగ్గేసిందా మే?"

"లేదన్నా."

"నీ చూపు సంగతి నాకు తెలీదా? సూదిలో దారం కూడా నాచేతే ఎక్కిస్తావు."

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆపి, "చెట్టు తప్పేం లేదులే. ఈ ఉప్పుగాలిలో పెట్టి నేనే చెడగొట్టినా" అన్నాడు.

అప్పుడైనా చెప్పలేదు. ఆయన కోసమే అనుకున్నాను. ఆయన కోసమేనా? ఒంటరిగా మిగలడానికి భయపడిన నా కోసం కాదా?

తనే చెడగొట్టానని నమ్ముతూనే ఆయన పోయాడు.

నేను తుంచడం మానగానే పొద పూసింది. పువ్వు ఊదారంగులో విచ్చుకుని, మర్నాటికి వెలిసి, ఆ తర్వాత తెల్లబడేది. ఒకే కొమ్మ మీద మూడు రంగులు. ఆయన పుస్తకాల్లో వెతికి పేరు కనుక్కున్నాను. బ్రన్‌ఫెల్సియా. పైకి చదివాను. వినడానికి గదిలో ఎవరూ లేరు.

అన్న పోయాక ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికకు వచ్చిన పాస్టరుగారు ఆ పొదను చూసి, "పంతులుగారు వెళ్ళాక పూసింది, చూశారా అమ్మా, దేవుని కృప" అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. రాశాక మాత్రం కొంచెం ఊపిరాడుతోంది.

అన్నా, చెట్టును నువ్వు చెడగొట్టలేదు. అది మొగ్గలు వేస్తూనే ఉంది. నేనే తుంచాను.