పెద్దాయన కుర్చీ

చనిపోయిన పెద్దాయన కుర్చీ డిటెక్టివ్ కింద ఫెళ్లున విరిగింది. డిటెక్టివ్ లేచి, ప్యాంటు దులుపుకుని, కుర్చీకే క్షమాపణ చెప్పుకున్నాడు. స్టేషన్లో ఆయన్ని 'సీరియల్ బాబాయ్' అని ఏడిపిస్తారు. పాత టీవీ సీరియల్ పోలీసులా పోయినవాళ్ల కుర్చీలో కూర్చుని, వాళ్ల చెప్పులు తొడుక్కుని, వాళ్లు చూసిన గోడనే చూస్తుంటాడు మరి. పెద్దాయన మెట్ల మీంచి జారిపడి పోయాడని పైవాళ్లు కేసు మూసేయబోతున్నారు. మోకాళ్లు వంగని మనిషి మేడెందుకు ఎక్కాడని ఈయన ఒక్కడికే అనుమానం వచ్చింది. ఇంతలో, ఆ ఇంట్లోనే ఉండే పెద్దాయన మేనల్లుడు పై అధికారి గదిలో ఊడిపడ్డాడు.

"ఇదేం దర్యాప్తండీ! మీ డిటెక్టివ్ మా మావయ్య కుర్చీ విరగ్గొట్టాడు, చర్య తీసుకోండి!"

"ఏమయ్యా, ఏమంటావ్?" అన్నాడు అధికారి, డిటెక్టివ్‌ని పిలిపించి.

"కుర్చీ విరిగితే ఈయన పరిగెత్తుకొచ్చారు గానీ సార్, మావయ్య మెడ విరిగినప్పుడు ఈ గుమ్మం తొక్కలేదు" అన్నాడు డిటెక్టివ్.